పల్లెకు పనికివచ్చే మేనేజిమెంటు విద్య

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి మేనేజిమెంటు చదువుతో పనేమిటని పాఠకులు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న సమంజసమైనదే. అయినప్పటికీ ఈ విషయమై మా అభిప్రాయాన్ని నిస్సంకోచంగా చెప్పవలసిన అవసరం ఏర్పడింది. మన కళాశాలలో మేనేజిమెంటు పట్టా తరగతులు ప్రారంభించాలని విద్యార్థులు కోరుతున్నారు. కమిటీ పెద్దలు కూడా ఆ కోరికను సానుభూతితో పరిశీలిస్తున్నారు. ఇది సంతోషించదగిన విషయం. కాని ఆ చదువు ఎవరి కొరకు, ఏ పని కొరకు అన్న ప్రశ్నకు సమాధానం చెప్పుకొన్న తర్వాతనే తరగతులు తెరవడం మంచిదని మా నమ్మకం.

మన విద్యార్థులు ఎక్కడినుండి వస్తున్నారో ఒకసారి గుర్తుచేసుకొందాం. తిరువూరు పట్టణం నుండి వచ్చేవారు కొందరు. గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు, చాట్రాయి మండలాల నుండి వచ్చేవారు మరికొందరు. సరిహద్దు దాటి పెనుబల్లి, సత్తుపల్లి ప్రాంతాలనుండి బస్సెక్కి వచ్చేవారూ లేకపోలేదు. వీరి తండ్రులు మామిడి తోటల్లో కాపలా కాసేవారు, సంతల్లో బట్టలమ్మేవారు, మిర్చి, ప్రత్తి పండించే చిన్న రైతులు, కుట్టుమిషను మీద బ్రతికేవారు. వీరి తల్లులలో అనేకులు డ్వాక్రా సంఘాల సభ్యులు. ఇట్టి ఇండ్లనుండి వచ్చిన పిల్లలకు మేనేజిమెంటు నేర్పి, హైదరాబాదులోనో బెంగుళూరులోనో సబ్బులూ బిస్కట్లూ అమ్మే ఉద్యోగానికి పంపడమే మన లక్ష్యమా? లేక వారి తల్లిదండ్రుల శ్రమకు విలువ పెంచే పనిలో వారిని నిలబెట్టడం కూడా మన లక్ష్యాలలో ఒకటి కావాలా?

ఈ ఆలోచన మాకు గ్రంథాలు చదివి కలిగినది కాదు. మొన్నటి సంవత్సరం జరిగిన ఒక చిన్న సంఘటన వలన కలిగింది.

మన రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020–21 నుండి డిగ్రీ విద్యార్థులకు సమాజ సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం పూర్తయిన తర్వాత విద్యార్థి 180 గంటలపాటు ఒక గ్రామంలోనో, వాడలోనో పనిచేసి, నివేదిక వ్రాసి ఇవ్వాలి. అట్టి విద్యార్థుల బృందమొకటి మా పర్యవేక్షణకు వచ్చింది. తిరువూరుకు అనతి దూరంలో ఉన్న ఒక గ్రామంలో మహిళా సంఘం సమావేశానికి వారిని వెంటబెట్టుకొని వెళ్ళాము. రచ్చబండ ప్రక్కన వేసిన చాపలమీద పదిమంది స్త్రీలు కూర్చున్నారు. సంఘం లీడరుగా ఉన్న ఒక పెద్దావిడ, తమ అప్పుల పుస్తకాన్ని మన విద్యార్థి చేతిలో పెట్టి, లెక్క సరిచూడమన్నది. బి.కామ్. చదువుతున్న ఆ యువకుడు తరగతిలో మొదటివాడు. పుస్తకంలో ఒక సభ్యురాలి పేరు ఎదుట ‘రూ. 50,000 – నూటికి రూ. 1’ అని వ్రాసి ఉన్నది. అతడు కాగితం తీసి, ఏడాదికి వడ్డీ 500 రూపాయలని లెక్క తేల్చాడు.

చాపమీద నవ్వులు వినిపించాయి. “అయిదు వందలు నెలకు బాబూ! ఏడాదికి ఆరువేలు” అన్నది ఆ పెద్దావిడ. “రూపాయి వడ్డీ అంటే నెలకు నూటికి రూపాయి. ఇంతకీ ఏం చదువుతున్నావు నాయనా?” అని అడిగింది. “బి.కామ్. అమ్మా” అని అతడు తల వంచుకొన్నాడు. ఆమె మావైపు తిరిగి, “మాస్టారూ, మీ పిల్లలకు పెద్ద లెక్కలు వచ్చుగాని చిన్న లెక్కలు రావటం లేదండీ” అన్నది. ఆ మాటలో ఎగతాళి లేదు, జాలి ఉన్నది. సిగ్గుపడవలసినవాడు ఆ విద్యార్థి కాదని మాకు ఆ క్షణంలోనే తోచింది. శాతాలు నేర్పి, ఆ శాతాలను ఊరు ఏ మాటతో పిలుస్తున్నదో నేర్పనివారము మేము.

అంతకన్న సిగ్గుపడవలసిన విషయం మరొకటి ఉన్నది. ఆ సంవత్సరం మా చేతికి అందిన నివేదికలలో అనేకం అక్షరం పొల్లుపోకుండా ఒకే విధంగా ఉన్నాయి. ఊరి పేరు మాత్రం మారింది. ఒక నివేదికలో ఊరి పేరు మార్చడం కూడా మరచిపోయారు! వాటికి మార్కులు వేసినది మేమే. ఈ తప్పును ఒప్పుకోకుండా ముందుకు పోవడం న్యాయం కాదు.

మనదేశంలో మేనేజిమెంటు విద్యకు పెద్ద పీట వేసిన సంవత్సరం 1961. ఆ ఏడు కలకత్తా, అహమ్మదాబాదు నగరాలలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంట్ సంస్థలు ఏర్పడ్డాయి. పెద్ద పరిశ్రమలకు సమర్థులైన అధికారులను తయారుచేయడం వాటి ప్రధానోద్దేశం. అయితే, ఈ విద్య పల్లెకు పనికిరాదా అన్న సందేహం ఆ సంస్థల లోపలే బయలుదేరింది. అహమ్మదాబాదు సంస్థకు 1965 నుండి 1972 వరకు డైరెక్టరుగా ఉన్న రవి మత్తాయి, పదవిని తనంతట తానే విడిచి, సాధారణ ఆచార్యుడిగా అదే సంస్థలో కొనసాగాడు. 1975లో రాజస్థాన్‌లోని అజ్మీరు జిల్లా జవాజా ప్రాంతానికి వెళ్ళాడు. నీళ్ళు కరవైన ఆ ప్రాంతంలో నేతగాండ్రు, తోలుపని చేసేవారు తరతరాలుగా మధ్యవర్తుల చేతుల్లో నలుగుతున్నారు. వారు తమ సరుకుకు తామే నమూనా ఎన్నుకొని, తామే వెల కట్టి, తామే సంఘంగా ఏర్పడి అమ్ముకోవడం నేర్చుకోవాలని మత్తాయి, ఆయన సహచరులు పాటుపడ్డారు. దేశంలో ప్రఖ్యాతి గాంచిన మేనేజిమెంటు సంస్థకు అధిపతిగా ఉన్న వ్యక్తి చర్మకారుల గుడిసెల ముందు కూర్చుని తిరిగి విద్యార్థి కావడం సామాన్యమైన విషయం కాదు.

ఇదే కాలంలో గుజరాత్‌లోని ఆనంద్‌లో మరొక ప్రయత్నం ఫలించింది. కైరా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం 1946లో ఏర్పడింది. త్రిభువన్‌దాస్ పటేల్ రైతులను కూడగట్టాడు. కేరళలో పుట్టిన వర్గీస్ కురియన్ అనే ఇంజనీరు 1949లో అక్కడికి చేరి, 2012లో మరణించేవరకు ఆ ఊరినే తన ఊరు చేసుకొన్నాడు. అమూల్ కథ మన విద్యార్థులందరికీ తెలిసినదే కాబట్టి విస్తరించము. కాని అందులో ఒక్క అంశాన్ని మాత్రం ప్రత్యేకంగా గమనించాలి. ఉదయం, సాయంకాలం పాలు పోసే రైతులు తమలోనుండి పాలకవర్గాన్ని ఎన్నుకొంటారు. ఆ పాలకవర్గం చదువుకొన్న మేనేజరును జీతానికి పెట్టుకొంటుంది. అంటే మేనేజరు రైతుకు యజమాని కాడు. రైతే మేనేజరుకు యజమాని. తాను రైతుల ఉద్యోగినని కురియన్ జీవితాంతం గర్వంగా చెప్పుకొన్నాడు. ఇట్టి ఉద్యోగులు వేల సంఖ్యలో కావాలన్న ఉద్దేశంతోనే 1979లో ఆనంద్‌లో గ్రామీణ మేనేజిమెంటు సంస్థను నెలకొల్పాడు. అక్కడి విద్యార్థులు తరగతి గదితోపాటు పల్లెలలో కొన్ని వారాలు నివసించి నేర్చుకోవడం ఆ చదువులో అంతర్భాగమైంది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా ఆ సంస్థ త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంగా రూపొందింది.

ఆనంద్, జవాజా దూరప్రాంతాలే. దూరపు కొండలు నునుపు అని కొందరు అనవచ్చు. కాబట్టి మన తెలుగు నేలమీది ఉదాహరణలను చూద్దాం.

నేటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరులో 1956లో ఒక సహకార గ్రామీణ బ్యాంకు పుట్టింది. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి దానికి ప్రాణం పోశాడు. చుట్టుప్రక్కల పదునాలుగు గ్రామాలు దాని పరిధి. అప్పిచ్చి ఊరుకొనక, విత్తనాలు, ఎరువులు ఇచ్చి, పండిన ధాన్యాన్ని కొని, మిల్లు పట్టించి, అమ్మిపెట్టే వరకు రైతు వెంట నడచిన సంఘమది. దేశంలో అనేక సహకార సంఘాలు రాజకీయాల వలన, అధికారుల పెత్తనం వలన శిథిలమైపోయిన కాలంలో అది నిలబడింది. ప్రభుత్వ జోక్యం లేకుండా సభ్యులే తమ సంఘాన్ని నడుపుకొనే వీలు కల్పిస్తూ 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టాన్ని చేసింది. ఆ చట్టం నీడలో అదే ముల్కనూరు ప్రాంతపు స్త్రీలు 2002లో ‘స్వకృషి’ పేరుతో సొంత డెయిరీని స్థాపించారు. పాలు పోసేది స్త్రీలే, పాలకవర్గంలో కూర్చొనేదీ స్త్రీలే. అక్కడ పనిచేసే చదువరులు నెలనెలా లెక్క అప్పజెప్పవలసినది పాలు పిండే చేతులకే.

ఇక మన ఇండ్ల లోపలికి వచ్చిన ఉద్యమం డ్వాక్రా. 1982–83లో కేంద్ర ప్రభుత్వ పథకంగా అది మొదలైనా, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాలపై తిరుగుబాటు చేసిన తర్వాతనే మన రాష్ట్రంలో పొదుపు ఒక ఉద్యమమైంది. సారాకు పోయే రూపాయిని సంఘంలో దాచుకోవడం నేర్చుకొన్నారు. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ‘వెలుగు’ పేరుతో ఆ సంఘాలను గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా, జిల్లా సమాఖ్యలుగా కూర్చింది. 2011లో దేశమంతటికీ వర్తించేలా ప్రారంభమైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు మన అనుభవం మార్గదర్శకాలలో ఒకటైంది. ఇంత పెద్ద వ్యవస్థలో ప్రతి సమాఖ్యకు లెక్కలు వ్రాసేవారు, ప్రణాళిక వేసేవారు, బ్యాంకుతో మాట్లాడేవారు కావాలి. ఆ పని చేయడానికి మన పిల్లలు ఎందుకు సిద్ధంగా లేరు?

చదువు ఉండీ, ఆ చదువు ఎవరికి జవాబు చెప్పాలో తెలియకపోతే ఏమవుతుందో కూడా మన జిల్లాయే చూసింది. తిరువూరు 2022 ఏప్రిల్‌లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది, అంతకు ముందు మనది కృష్ణా జిల్లా. ఆ కృష్ణా జిల్లాలో 2006లో సూక్ష్మ ఋణ సంస్థలమీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వడ్డీ ఎక్కువని, వసూలు పద్ధతి దౌర్జన్యంగా ఉన్నదని స్త్రీలు మొరపెట్టుకొన్నారు. జిల్లా అధికారులు సుమారు 50 శాఖలను మూయించారు. ఆ గాయం మానకముందే 2010లో రాష్ట్రమంతటా అదే సంక్షోభం మరింత పెద్దదై తలెత్తింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారం వారం వసూళ్ళను ఆపి, ఇంటి గడపలో కాక పంచాయతీ కార్యాలయం వద్ద నెలకొకసారి మాత్రమే వసూలు చేయాలని కట్టడి చేసింది. పేదలకు చిన్న అప్పులివ్వాలన్న ఆలోచన చెడ్డది కాదు. బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనుస్ 1976లో జోబ్రా గ్రామంలో ఆ ఆలోచనతోనే పని మొదలుపెట్టాడు. 2006లో ఆయనకు, ఆయన స్థాపించిన గ్రామీణ బ్యాంకుకు నోబెల్ శాంతి బహుమతి లభించింది. ప్రపంచం ఆయనను సన్మానించిన సంవత్సరంలోనే మన జిల్లాలో స్త్రీలు కన్నీరు పెట్టుకోవడం విధి వైపరీత్యం.

ఇక్కడ మళ్ళీ ఆ పెద్దావిడ చెప్పిన చిన్న లెక్కలు జ్ఞాపకం వస్తున్నాయి. ఉదాహరణకు ఒక సంస్థ పదివేల రూపాయలు అప్పిచ్చి, వడ్డీ ఏడాదికి 12 శాతమే అని చెప్పినదనుకొందాం. వడ్డీ 1,200 కలిపి, మొత్తం 11,200ను యాభై వారాలకు పంచితే వారానికి 224 రూపాయల కిస్తు. వినడానికి రూపాయి వడ్డీయే. కాని ప్రతి వారమూ అసలులో 200 రూపాయలు తిరిగి పోతూనే ఉన్నది. సగం ఏడాది గడిచేసరికి ఆమె చేతిలో మిగిలిన అప్పు అయిదువేలే. వడ్డీ మాత్రం పదివేలమీద కడుతున్నది. సరాసరిన ఆమె ఏడాది పొడుగునా వాడుకొన్నది సుమారు 5,100 రూపాయలు. దానిమీద 1,200 వడ్డీ అంటే సుమారు 24 శాతం. మన భాషలో రెండు రూపాయల వడ్డీ. రూపాయి అని చెప్పి రెండు రూపాయలు తీసుకొన్నట్లే. ఇట్టి లెక్కను ఒక కాగితంమీద వేసి సంఘం స్త్రీలకు చూపగల యువకుడు ఒక్కొక్క ఊరికి ఒక్కొక్కడు ఉన్నా, 2006లో మనం చూసిన దుఃఖంలో కొంతైనా తప్పేది. అట్టి సంస్థలను నడిపినవారిలో గొప్ప మేనేజిమెంటు పట్టాలు గలవారు లేకపోలేదు. వారు జవాబు చెప్పవలసినది పెట్టుబడి పెట్టినవారికి. అప్పు తీసుకొన్నవారికి కాదు. తేడా అంతా అక్కడే ఉన్నది.

కాబట్టి గ్రామాభివృద్ధికి మేనేజిమెంటు పట్టభద్రులను తయారుచేయడమంటే, పల్లెకు సరుకు అమ్మేవారిని, అప్పు అంటగట్టేవారిని తయారుచేయడం కారాదని మా నిశ్చితాభిప్రాయం. పల్లెజనం నడుపుకొనే సంస్థలకు నమ్మకమైన ఉద్యోగులను తయారుచేయడం కావాలి.

అట్టి ఉద్యోగాలు ఎక్కడున్నాయని విద్యార్థులు అడుగుతారు. ఉన్నాయి. రైతులే వాటాదారులుగా కంపెనీ పెట్టుకొనే వీలు 2002లో కంపెనీల చట్ట సవరణ ద్వారా కలిగింది. 2020లో కేంద్ర ప్రభుత్వం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలను నెలకొల్పే పథకాన్ని ప్రకటించింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది రైతులు చేరితే సంఘం ఏర్పడవచ్చు. ఉద్యోగుల జీతాలకు, కార్యాలయ ఖర్చులకు మూడేళ్ళకు 18 లక్షల రూపాయల వరకు సహాయం లభించే ఏర్పాటు అందులో ఉన్నది. మేనేజరు పదవికి వ్యవసాయ పట్టభద్రులతోపాటు బి.బి.ఎ. వంటి పట్టాలు గలవారూ అర్హులే. మూడేళ్ళ తర్వాత ఆ జీతాన్ని సంఘమే సంపాదించుకోవాలి. మేనేజరుకు అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది.

మన మామిడి సంగతే చూడండి. నూజివీడు, రెడ్డిగూడెం, విస్సన్నపేట, తిరువూరు పరిసరాలలో తోటలకు కొదువ లేదు. బంగినపల్లి పండు పేరు దేశమంతటా తెలుసు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కాని మన చిన్న రైతు ఏమి చేస్తున్నాడు? అవసరానికి డబ్బు కావలసివచ్చి, పూత దశలోనే తోటను గుత్తకిచ్చి బయానా తీసుకొంటున్నాడు. ఆ తర్వాత కాయ ఎంత ధర పలికినా అతనికి సంబంధం లేదు. తానే కాయ కోసి నున్న మార్కెట్టుకు తోలుకొనిపోతే, కమీషను ఎంత, తరుగు ఎంత, లారీ బాడుగ ఎంత అని విచారించేసరికి ప్రాణం విసుగుతుంది. కలెక్టరు కాయ రసం తీసే కర్మాగారానికి పోతుంది. అక్కడి ధరను రైతు నిర్ణయించలేడు. మూడువందలమంది తోట రైతులు ఒక సంఘమై, పూత దశలో అవసరానికి సొంత సంఘమే అడ్వాన్సు ఇచ్చి, కాయను గ్రేడు చేసి, ఒకే బిల్లుమీద అమ్ముకొంటే ఎంత మార్పు వస్తుందో ఊహించవచ్చు. కాని ఆ అడ్వాన్సు ఎంత ఇవ్వాలి? గాలివానకు కాయ రాలిపోతే నష్టం ఎవరు భరించాలి? మంచి కాయ తెచ్చినవానికి, మచ్చకాయ తెచ్చినవానికి ఒకే ధర ఇస్తే సంఘం నిలుస్తుందా? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పడమే మేనేజిమెంటు. అహమ్మదాబాదులో బోధించే పాఠాలకు ఇవి ఏ విధంగానూ తీసిపోవు.

ఈ ఆలోచనకు అభ్యంతరాలు ఉన్నాయని మేమెరుగుదుము. వాటిని దాచిపెట్టి లాభం లేదు.

మొదటిది జీతం. పట్టణపు కంపెనీ ఇచ్చే జీతంతో పోల్చితే పల్లె సంఘం ఇవ్వగలిగినది తక్కువ. అప్పు చేసి చదివించిన తండ్రి కొడుకు జీతం వైపు చూడడం తప్పు కాదు. ఆనంద్‌లో చదివినవారిలో కూడా కొందరు పల్లెను విడిచి బ్యాంకులకు, కంపెనీలకు వెళ్ళిపోయారన్న విమర్శ ఉన్నది. త్యాగం చేయమని పేదపిల్లలకు మాత్రమే ఉపదేశించడం మాకు ఇష్టం లేదు. అయితే పట్టణంలో గది అద్దె, హోటలు భోజనం, రాకపోకలు పోను మిగిలేదెంతో కూడా లెక్క వేసుకోవాలి. ఇది కూడా చిన్న లెక్కే. ఇక ఆడపిల్లల విషయం. మన కళాశాలలో చదువుతున్న విద్యార్థినులలో అనేకులను దూరపు నగరాలకు పంపడానికి తల్లిదండ్రులు సుముఖంగా లేరు. పట్టా చేతికి వచ్చిన మరుసటి నెలనుండి వారి చదువు పెట్టెలో చేరుతున్నది. మహిళా సమాఖ్యలలో, పాల సంఘాలలో, రైతు సంఘాలలో బస్సు దూరంలో గౌరవప్రదమైన ఉద్యోగం దొరికితే వారి జీవితాలే మారిపోతాయి. స్త్రీల సంఘానికి స్త్రీయే మేనేజరు కావడం వలన సంఘానికీ లాభమే.

రెండవ అభ్యంతరం, ఊరి పెద్దల రాజకీయం. సంఘాన్ని ఒక వర్గం పట్టుకొంటే చదువుకొన్న యువకుడు ఏమి చేయగలడని అడుగుతారు. ఒక్కడుగా ఏమీ చేయలేడన్నది నిజం. కాని నెలనెలా జమాఖర్చులను సభ్యులందరి ఎదుట బిగ్గరగా చదివే అలవాటు ఉన్న సంఘంలో దొంగతనం దాగదు. ముల్కనూరు బ్రతికినది సభ్యులు కళ్ళు తెరచి ఉన్నందువలననే.

మూడవ అభ్యంతరం మనవారినుండే వినవస్తున్నది. మైనారిటీ కళాశాలకు ఈ గ్రామాభివృద్ధి గొడవ ఎందుకు, మన పిల్లలు వర్తకులు కదా అంటారు. ఈ మాట మాకు బాధ కలిగిస్తుంది. పల్లె జమాఖర్చుల పుస్తకం తెరచి చూడండి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, కిస్తు, అసలు, జామీను – ఇవన్నీ ఉర్దూ, ఫారసీల ద్వారా వచ్చి తెలుగువాడి నోట తెలుగై స్థిరపడిన మాటలు. ఇంట్లో ఉర్దూ, సంతలో తెలుగు మాట్లాడే మన విద్యార్థికి ఈ పుస్తకం పుట్టుకతోనే సొంతం. మన సమాజంలోనుండే మరొక ఆదర్శం ఉన్నది. ఆగ్రాలో పుట్టిన అఖ్తర్ హమీద్ ఖాన్ ఐ.సి.ఎస్. అధికారిగా ఉండి, బెంగాలు కరవును కళ్ళారా చూసి, 1945లో ఆ ఉద్యోగాన్ని వదులుకొన్నాడు. అలీగఢ్ దగ్గర కూలీగా, తాళాలు చేసే పనివాడిగా బ్రతికి చూశాడు. తర్వాత 1959లో నేటి బంగ్లాదేశ్‌లోని కొమిల్లాలో గ్రామాభివృద్ధి అకాడమీని నడిపాడు. అక్కడి పద్ధతి ఏమిటంటే, ప్రతి గ్రామ సంఘం తనలోనుండి ఒకరిని మేనేజరుగా ఎన్నుకొంటుంది. ఆ మేనేజరు వారానికొకసారి అకాడమీకి వచ్చి పాఠం నేర్చుకొని, తిరిగి పోయి ఊరికి చెబుతాడు. మేనేజరును పైనుండి పంపక, ఊరిలోనుండే తీర్చిదిద్దే విధానమది. మన కళాశాల తిరువూరుకు అట్టి అకాడమీ ఎందుకు కాకూడదు?

ఇక కమిటీ పెద్దలకు మా మనవి. మేనేజిమెంటు తరగతులు తప్పక ప్రారంభించండి. కాని కొన్ని నియమాలతో ప్రారంభించండి.

మొదటిది: ఇప్పుడు కాగితంమీద గడుస్తున్న ఆ 180 గంటలను నిజం చేయాలి. ప్రతి విద్యార్థినీ ఒక మహిళా సంఘానికో, పాల కేంద్రానికో, రైతు సంఘానికో అప్పగించాలి. అతని పనికి సగం మార్కులు ఆ సంఘం సభ్యులే వేయాలి. నకలు నివేదిక ఇచ్చినవానికి మార్కులు వేసే అధ్యాపకుని కూడా, మాతో సహా, సంజాయిషీ అడగాలి. దీప్ జోషీ తదితరులు 1983లో స్థాపించిన ‘ప్రదాన్’ సంస్థ కొత్తగా చేరిన పట్టభద్రులను ఏడాదిపాటు పల్లెలో ఉంచి, నిలబడగలిగినవారినే కొనసాగనిస్తుంది. మనం ఏడాది అడగడం లేదు. నిజాయితీగా 180 గంటలు చాలు.

రెండవది: లెక్కలను తెలుగులో నేర్పాలి. తీర్మానాల పుస్తకం వ్రాయడం, జమాఖర్చులు చదివి వినిపించడం, బ్యాంకు నియమాన్ని సంఘానికి అర్థమయ్యేలా చెప్పడం – ఇవి భాషకు సంబంధించిన పనులు కూడా. తెలుగు శాఖ తరఫున ఈ బాధ్యతను మేము స్వీకరిస్తామని ఈ సంచిక ముఖంగా మాట ఇస్తున్నాము. ఉర్దూ శాఖవారు కలసివస్తే మరీ మంచిది.

మూడవది: పాఠ్యక్రమాన్ని ఆలోచించే సంఘంలో ఒక మామిడి రైతును, ఒక పాల కేంద్రం కార్యదర్శిని, ఒక సమాఖ్య లీడరును కూర్చోబెట్టాలి. ఏమి నేర్పాలో చెప్పే హక్కు వారికి ఉన్నది.

నాలుగవది: ప్రతి సంవత్సరం ఇద్దరు ముగ్గురు విద్యార్థులనైనా హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థను, మేనేజ్ సంస్థను, తిరుగు దారిలో ముల్కనూరును చూసి వచ్చేలా పంపాలి. అందుకయ్యే ఖర్చు వార్షికోత్సవంలో పూలదండలకు, పందిళ్ళకు అయ్యే ఖర్చు కన్న మించదని మా అంచనా.

విద్యార్థులారా! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనే సామెతను మీరు వినే ఉంటారు. పల్లెను గురించి మనలో చాలామంది అభిప్రాయం అదే. ఆ రోజు నవ్వులపాలైన మన విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాము. మరుసటి వారం అతడు ఎవరూ చెప్పకుండానే ఆ ఊరికి తిరిగి వెళ్ళాడు. తన 180 గంటలు పూర్తయిన తర్వాత కూడా నెలకొకసారి వెళుతూనే ఉన్నాడు. సంఘం స్త్రీలు అతనికి చిన్న లెక్కలు నేర్పారు. అతడు వారికి బ్యాంకు వారి పెద్ద లెక్క విడమరచి చెప్పాడు. కిందటి నెల పుస్తకంలో తేడా వచ్చినప్పుడు ఆ పెద్దావిడ కళాశాలకు కబురు పంపింది. “మాస్టారూ, మా మేనేజరును పంపండి” అన్నది ఆ కబురు. పట్టా ఇంకా చేతికి రాలేదు గాని, పదవిని మాత్రం ఊరు అప్పుడే ఇచ్చింది.

మన కళాశాల నుండి అట్టి మేనేజర్లు అనేకులు బయలుదేరాలని, కమిటీ పెద్దలు ఆ దిశగా తొలి అడుగు వేయాలని హృదయపూర్వకంగా కోరుతున్నాము.